కోయని బూటు

మా ఆయన మళ్ళీ తన కాళ్ళ మీద తాను నిలబడలేకపోతాడేమోనన్నది నాకున్న అన్నిటికంటే పెద్ద భయం. పాపకి జ్వరం వస్తుందేమో, గ్యాస్ కట్టెయ్యడం మర్చిపోయానేమో, మా అన్నయ్య నడిపే బస్సు ఎవరికైనా తగిలిందేమో, ఇలాంటివి రోజుకి నూటయాభై వస్తాయి, పోతాయి. ఇదొక్కటి పోదు. పక్కగదిలో ఆయన మంచం దిగుతున్న అలికిడి అయితే చేతిలో పని వదిలేసి వింటాను. ముందు కుడి పాదం నేలకి ఆనుతుంది. తర్వాత ఎడమది ఆనాలి. అది ఆనేదాకా నాకు ఊపిరాడదు.

ఇదంతా ఒక్క సీజన్‌లో జరిగింది. ఐదు టెస్టులు, తొమ్మిది వారాలు. సీజన్ మొదలైనప్పుడు పాప గోడ పట్టుకుని నిలబడుతోంది. అయిపోయేసరికి పాప నడుస్తోంది, వాళ్ళ నాన్న గోడ పట్టుకున్నాడు.

మా ఆయన ఈ దేశంలో పుట్టలేదు. ఇరవై రెండో ఏట పని కోసం వచ్చి, పాత భవనాలు పడగొట్టే ముఠాలో చేరి సమ్మెట పట్టాడు. సెలవు రోజున పార్కులో బంతి వేస్తుంటే ఎవరో చూశారు. ఇన్నేళ్ళు ఇక్కడే ఉంటే ఈ దేశం తరఫున ఆడొచ్చని ఏదో నిబంధన ఉందట. ఆ గడువు తీరిందో లేదో, టీమ్‌వాళ్ళు వచ్చి ఎగరేసుకుపోయారు. జనం ఆయనకి పెట్టిన పేరు కూడా సమ్మెటే. ఎడమ కాలు నేలకేసి కొడితే పై వరుసలో కూర్చున్నవాళ్ళకి కూడా వినిపిస్తుందంటారు. వినిపిస్తుంది, నేనూ విన్నాను.

ఆ ఎడమ కాలి సంగతి నాకు ఆయనకంటే ఎక్కువ తెలుసు. మా నాన్నది బూట్లు బాగుచేసే దుకాణం. నాన్న చేతులు వణకడం మొదలయ్యాక నేను ఎనిమిదో తరగతిలో బడి మానేసి ఆ దుకాణంలో కూర్చున్నాను. ఒకరోజు ఈ మనిషి పెట్టె కూడా విప్పని కొత్త బూట్లు తెచ్చి, ఎడమ బూటుకి బొటనవేలి దగ్గర కన్నం పెట్టమన్నాడు. నాన్న నా చెవిలో, "ఏ ఆసుపత్రి నుంచి తప్పించుకొచ్చాడో కనుక్కోవే" అన్నాడు. ఆయన విని నవ్వాడు. ఫాస్ట్ బౌలర్ పరిగెత్తుకొచ్చి బంతి వదిలే ముందు ఒంటి బరువంతా ఎన్నో రెట్లై ముందు పాదం మీద పడుతుంది. బూటు ఆగుతుంది గానీ లోపల పాదం ఆగదు. బొటనవేలు వెళ్ళి బూటు ముక్కుకి గుద్దుకుంటుంది. రోజుకి ఇరవై ఓవర్లయితే నూట ఇరవై సార్లు. గోరు నల్లబడి ఊడిపోతుంది. అందుకని ఆ వేలికి ఒక కిటికీ కావాలి.

అప్పట్నించీ ఆయన ఎడమ బూట్లన్నీ నేనే కోశాను. సీసా మూతంత కన్నం. కాస్త పక్కకి పోతే వేలు అంచుకి రాసుకుని పుండవుతుంది. కాస్త పెద్దదైతే తోలు చీలిపోతుంది. అంచుని పల్చగా చెక్కి, మెత్తటి తోలు లోపలికి మడిచి కుట్టాలి. ప్రపంచంలో నాకు బాగా వచ్చిన పని అదొక్కటే.

రెండో టెస్టు అయిన మర్నాడు పొద్దున్న పాప రెండు చేతులూ చాచి "నాన్నా" అంది. ఆయన వంగలేదు. మోకాళ్ళ మీద కూలబడి, "ఎక్కు, గుర్రం ఎక్కు" అన్నాడు. పాప ఆటనుకుంది. వరసగా మూడు రోజులు అదే ఆట ఆడకపోతే నేనూ అలాగే అనుకునేదాన్ని. నాలుగో రోజు చూస్తే మంచం మీద వెల్లకిలా పడుకుని, కాలు పైకెత్తి సాక్సు తొడుక్కుంటున్నాడు.

"ఏవండీ, నడుం ఎలా ఉంది?"

"ఉంది."

"ఉందని నాకూ తెలుసు. ఎలా ఉంది?"

"పట్టేసింది. రెండు రోజుల్లో పోతుంది."

"పట్టేస్తే సాక్సులు పడుకుని వేసుకుంటారా?"

"నిలబడి వేసుకుంటే పతకమేమైనా ఇస్తారా?"

అన్నయ్య అప్పుడే డ్యూటీ దిగి వచ్చాడు, వాకిట్లోంచే అందుకున్నాడు. "దాని మాట పట్టించుకోకు బావా. చిన్నప్పట్నించీ ఇంతే. నాన్న రెండుసార్లు తుమ్మితే అంబులెన్సు పిలుద్దామనేది."

ఇద్దరూ నవ్వారు. మా ఆయన నవ్వు సగంలో ఆగింది. నడుం మీదికి చెయ్యి వెళ్ళింది. అన్నయ్య అది చూడలేదు, లేదా చూడదల్చుకోలేదు.

మూడో టెస్టుకి ముందు టీమ్ ఫిజియో ఆయన్ని స్కాన్‌కి పంపాడు. నేను పాపనెత్తుకుని వెంట వెళ్ళాను. స్కాన్ తీసే ఆవిడకి క్రికెట్ తెలీదు. ఉన్నదున్నట్టు చెబుతుంది, అదే మా అదృష్టమనుకున్నాను అప్పుడు.

"ఆయన ఏం పని చేస్తారమ్మా?"

"బంతి వేస్తారండీ."

"అది సరే, ఉద్యోగం?"

"అదే ఉద్యోగమండీ."

ఆవిడ నన్ను లోపలికి పిలిచి, తెర మీద వేలు పెట్టి చూపించింది. వెన్నెముక కింది భాగంలో, ఒక పూసకి పక్కన, వెంట్రుకంత గీత. "ఇది బీట. ఇంకా విడిపోలేదు. నాలుగు నెలలు బంతి కాదు కదా, పరుగు కూడా వద్దు. పూర్తిగా విడిపోయి, పూస జరిగి నరాన్ని నొక్కిందంటే..." అని పాప వంక చూసి ఆగిపోయింది.

"ఈ రిపోర్టు మాకిస్తారా?"

"పంపినవాళ్ళకే ఇస్తామమ్మా. టీమ్‌కి వెళ్తుంది."

ఒళ్ళు ఆయనది. వెన్ను ఆయనది. అందులో బీట ఆయనది. కాగితం మాత్రం వాళ్ళదట. ఆ రోజు నాకు కోపం రాలేదు, భయమే వేసింది. కోపం మర్నాడు ఫిజియో మాట విన్నాక వచ్చింది. అది పాతదట. ఇక్కడికి వచ్చిన కొత్తలో సమ్మెట పట్టినప్పుడో, అసలు ఈ దేశానికి రాకముందో వచ్చిన మచ్చట. ఇక్కడ ఆడటం వల్ల వచ్చింది కాదట. సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టుకుని తెచ్చుకున్నాడు కాబోలు. ఇంజెక్షన్ ఇస్తే సరిపోతుందన్నాడు.

మూడో టెస్టులో ఇంజెక్షన్‌తో నలభై ఒక్క ఓవర్లు వేశాడు. నాలుగో టెస్టులో రెండు ఇంజెక్షన్లు, నలభై నాలుగు ఓవర్లు, ఏడు వికెట్లు. పేపర్లో సగం పేజీ ఫొటో వేసి 'మన సమ్మెట' అని రాశారు. ఆ మ్యాచ్‌లోనే ఒక పూట గంటసేపు మైదానం వదిలి లోపల పడుకున్నాడు. అప్పుడు రేడియోలో ఒకాయన అన్నాడట, "ప్రతిభ ఉంటే చాలదండీ, గుండె ఉండాలి. ఈ గడ్డ మీద పుట్టినవాడైతే ఇలా లోపల కూర్చుంటాడా?" అని. అన్నయ్య బస్సు నడిరోడ్డు మీద ఆపేసి రేడియో కట్టేశాడట. వెనక ప్రయాణికులు అరుస్తుంటే, "ఎవడికైనా తొందరగా ఉంటే దిగి మా బావలా పరిగెత్తండి" అన్నాడట. ఈ సంగతి మాకు నవ్వుతూ చెప్పాడు. మా అన్నయ్య చెడ్డవాడు కాదు. అదే బాధ.

నాలుగో టెస్టు ఆఖరి రోజున ఆయన పాత బూటు అట్ట ఊడిపోయింది. ఆ తర్వాతి వారం టీమ్ మేనేజర్ కొత్త బూట్ల పెట్టె పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. ఆయన మా గడప తొక్కడం అదే మొదటిసారి.

"ఎలా ఉన్నావమ్మా? పాప అచ్చం నాన్న పోలికే."

పాపది నా పోలిక. అందరూ అంటారు.

"స్కాన్ రిపోర్టు తెచ్చారా?" అన్నాను.

మేనేజర్ నావైపు కాక మా ఆయన వైపు చూశాడు. "రిపోర్టులో ఏం లేదమ్మా. డాక్టర్లు చూశారు."

"గీత ఉంది కదండీ. నేను కళ్ళారా చూశాను."

"ఎవరు చూపించారు?"

స్కాన్ తీసే ఆవిడ ఉద్యోగం గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

మేనేజర్ కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. "చూడు తమ్ముడూ, చెరో రెండు గెలిచాం. ఈ మ్యాచ్ గెలిస్తే సిరీస్ మనది. బలవంతం లేదు. నొప్పిగా ఉంటే ఉందని చెప్పు, ఇంకొకర్ని ఆడించుకుంటాం. కానీ ఒక్క మాట, ఏమనుకోకు. ఇక్కడ పుట్టిన కుర్రాళ్ళని మేం అడగాల్సిన పనుండదు, వాళ్ళే ముందుకొస్తారు. నీ విషయంలో జనం కాస్త ఎక్కువ చూస్తారు."

మా ఆయన చేతులు తొడల మీద బిగుసుకున్నాయి.

"ఆడతాను సార్."

"నేను వద్దంటున్నాను" అన్నాను.

మేనేజర్ పెద్దగా నవ్వాడు. "ఇంటికో సెలెక్టర్ ఉంటే మా పని తేలికైపోను!"

అన్నయ్య కూడా నవ్వాడు. మా అన్నయ్యే.

మేనేజర్ కారు వీధి మలుపు తిరగ్గానే అన్నయ్య మీద పడ్డాను. "నవ్వొచ్చిందా నీకు?"

"అది కాదే. పెద్దమనిషి ఇంటికొస్తే మొహమ్మీదే అలా అనేస్తావా?"

"ఏ పెద్దమనిషి? రిపోర్టు దాచుకున్న పెద్దమనిషా?"

"ఒక్క మ్యాచే కదే చెల్లీ. నాలుగు వేసినవాడికి ఐదోది ఎంత? గెలిస్తే ఇక బావని ఏ రేడియో వాడూ పరాయివాడనడు."

"నీ బస్సుకి బ్రేకు పట్టకపోతే ఇంకో ట్రిప్పే కదా అని తీస్తావా?"

నేను మా ఆయన వైపు తిరిగాను. ఆయన అప్పటికే మాట సిద్ధం చేసుకున్నాడు.

"నొప్పి అని ఇక్కడివాడు అంటే అది నొప్పి. నేనంటే సాకు. నీకది అర్థం కాదు."

"ఎందుకర్థం కాదు? ఎనిమిదో తరగతితో ఆపేశాననా?"

"ఇక్కడ పుట్టావు కాబట్టి."

పాపనెత్తుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాను.

బూట్ల పెట్టె రెండు రోజులు బల్ల మీద అలాగే ఉంది. నేను ముట్టుకోలేదు. మూడో రోజు ఆయన వచ్చి పెట్టె మూత తీసి చూశాడు.

"కొయ్యలేదేం? రేపట్నించి ప్రాక్టీసు."

"కొయ్యను."

"కొయ్యకపోతే?"

"కొయ్యకపోతే అవి వేసుకుని బంతి వెయ్యలేరు. మిమ్మల్ని ఆపడానికి నా చేతిలో ఉన్నది ఇదొక్కటే."

అరుస్తాడనుకున్నాను. కోపమొస్తే ఆయన వాళ్ళ భాషలోకి వెళ్ళిపోతాడు, నాకొక్క ముక్క అర్థం కాదు, దానికి నేను తెలుగులో తిడతాను, కాసేపటికి ఇద్దరికీ నవ్వొస్తుంది. ఆ రోజు ఏ భాషలోనూ ఏమీ అనలేదు. పెట్టె చంకలో పెట్టుకుని నాన్న దుకాణానికి వెళ్ళాడు. నాన్న కత్తి పట్టుకున్నాడట, తోలు మీద గీత కూడా పెట్టుకున్నాడట, చెయ్యి నిలవక బూటు తిరిగిచ్చేశాడట.

సాయంత్రం నాన్న నాతో అన్నాడు. "నా చెయ్యి నిలిస్తే కోసిచ్చేవాణ్ణే. ఆపాలనుకుంటే మనిషిని ఆపమ్మా. బూటుని ఆపి ఏం లాభం?"

"మనిషి ఆగట్లేదు నాన్నా."

"అయితే వేలైనా కాపాడు."

నేను వినలేదు. ప్రాక్టీసులో మొదటి పది బంతులకే వేలు నలిగి, ఆడలేనని తిరిగొస్తాడని గట్టిగా నమ్మాను. ఆయన గురించి అన్నీ తెలుసనుకునేదాన్ని, ఈ ఒక్కటీ తప్పు లెక్కేశాను.

ఆయన ఆ బూట్లతోనే మైదానంలోకి దిగాడు.

ఆటగాళ్ళ ఇంటివాళ్ళు కూర్చునే వరుసలో నేను, ఒళ్ళో పాప, పక్కన సెలవు పెట్టి వచ్చిన అన్నయ్య. మొదటి ఓవర్ మూడో బంతికే నాకు తెలిసిపోయింది. బొటనవేలు గుద్దుకోకుండా ఆయన ఎడమ పాదాన్ని పక్కకి తిప్పి వేస్తున్నాడు. పాదం తిరిగితే మోకాలు తిరుగుతుంది. మోకాలు తిరిగితే నడుం మెలి పడుతుంది. అన్ని వేలమంది బంతిని చూస్తున్నారు. నేను పాదాన్ని చూస్తున్నాను. ఇరవై ఓవర్లు, ప్రతి బంతికీ అలాగే.

ఆ సాయంత్రం ఆయన హోటల్‌కి ఫోన్ చేశాను. మ్యాచ్ రోజుల్లో ఆటగాళ్ళని ఇంటికి పంపరు.

"బూటు అన్నయ్య చేత పంపండి. కోసిస్తాను. పొద్దున్నకల్లా ఇచ్చేస్తాను."

"వద్దులే. ఫిజియో వేలికి టేపు చుట్టాడు."

"కోపమా?"

"కోపం కాదే. బూటు బయటికి పంపితే ఎందుకని అడుగుతారు. మా ఆవిడ కొయ్యలేదని చెప్పాలి. వాళ్ళకెందుకు చెప్పాలి ఆ మాట?"

ఫోన్ పెట్టేసి ఏడ్చాను. మర్నాడు ఆట విరామంలోనైనా కోసిద్దామని తోలు కోసే కత్తి, సూదులు, దారం పాప బట్టల సంచిలో అడుగున పెట్టుకుని స్టేడియానికి వెళ్ళాను. గేటు దగ్గర కాపలా అతను సంచి తడిమి కత్తి బయటికి తీశాడు.

"ఏంటమ్మా ఇది?"

"బూటు కోయాలండీ."

"ఎవరి బూటు?"

"సమ్మెటది. నేను ఆయన భార్యని."

"సంతోషం. నేను కెప్టెన్ మామగార్ని. కత్తి ఇక్కడ వదిలేసి లోపలికెళ్తావా, పోలీసుని పిలవనా?"

నా చేతిలో ఉన్న ఇంటివాళ్ళ పాసు చూపించాను. పాసు ఉంటే కత్తి తేవచ్చని రాసుందా అన్నాడు. తర్జనభర్జన పడుతుంటే పాప గుక్కపట్టి ఏడ్చింది. వెనక వరసలో జనం విసుక్కున్నారు. కత్తి అక్కడే వదిలేసి లోపలికి వెళ్ళి కూర్చున్నాను. కింద ఆయన పరిగెత్తుకొస్తున్నాడు. పాదం పక్కకే పడుతోంది.

ఐదో రోజు మధ్యాహ్నం. అవతలివాళ్ళకి ఇంకొక్క వికెట్టే ఉంది. ఆఖరి జంట గంటసేపటి నుంచి కదలట్లేదు. కెప్టెన్ వెళ్ళి మా ఆయన చేతిలో బంతి పెట్టాడు. జనం లయగా చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు. ఆయన బంతిని ప్యాంటుకి రుద్దుకుంటూ రనప్ మొదట్లో నిలబడి కాసేపు అలాగే ఉండిపోయాడు. వెళ్ళొద్దని గట్టిగా అన్నాను. పక్కనున్న అన్నయ్యకే వినబడలేదు.

వచ్చాడు. కాలు పడిన చప్పుడు వినిపించింది. మధ్య వికెట్టు ఎగిరి కీపర్ వెనక పడింది.

ఆయన రెండు చేతులూ పైకెత్తాడు. ఈ టీమ్‌లో ఒక అలవాటుంది. వికెట్ పడితే కీపర్ పరిగెత్తుకొచ్చి బౌలర్ వీపెక్కుతాడు. పేపర్లలో ఆ ఫొటోలే వేస్తారు, పిల్లలు వీధుల్లో అలాగే ఆడతారు. కీపర్ వచ్చి ఎగిరి వీపెక్కాడు. వాడి మీద ఇంకొకడు. అందరూ వచ్చి పడ్డారు. అన్నయ్య నా భుజాలు పట్టుకుని గెంతుతున్నాడు, "గెలిచామే! బావ గెలిపించాడే!" అని. నేను ఆ గుట్టనే చూస్తున్నాను. ఒక్కొక్కళ్ళే లేస్తున్నారు. నవ్వుతూ, గడ్డి దులుపుకుంటూ. లెక్కపెట్టాను.

పది మంది లేచారు.

స్ట్రెచర్ వచ్చినప్పుడు కూడా బ్యాండు వాయిస్తూనే ఉన్నారు. కప్పుతో తీసిన ఫొటోలో ఆయన లేడు.

ఆపరేషన్ అయింది. నడుంలో నాలుగు మరలు బిగించారు. ఎడమ పాదం పైకి లేవట్లేదు, వస్తుందో రాదో ఏడాది చూడాలన్నారు. పెద్ద డాక్టరుని వరండాలో పట్టుకుని అడిగాను. "బూటు వల్లనా అండీ? నేను కన్నం కొయ్యలేదు."

ఆయనకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక, "వారాల కిందటి బీట అమ్మా ఇది. దాని మీద ఎన్ని వేల దెబ్బలు పడ్డాయో. ఏది ఆఖరిదో ఎవరం చెప్పలేం" అన్నాడు.

ఎవరం చెప్పలేమని డాక్టరన్నదాన్ని ఆపరేషన్ అయిన నాలుగో రోజే టీమ్ చెప్పేసింది. పేపర్లో మేనేజర్ పేరుతో ప్రకటన వచ్చింది. ఆటగాడికి గతంలో ఎలాంటి తీవ్రమైన గాయం లేదట. బూట్లు తగినట్టుగా సిద్ధం చేసుకోకుండా మైదానంలోకి దిగడం వల్ల ఈ ప్రమాదం జరిగిందట. అది ఆటగాడి సొంత బాధ్యతట. 'మన సమ్మెట' అని రాసిన పేపరే ఆ రోజు 'వలస బౌలర్' అని రాసింది.

పేపరు పట్టుకుని ఆయన మంచం దగ్గరికి వెళ్ళాను. "మీరు చెప్పారా వాళ్ళకి?"

"లేదు. బూటు విప్పినప్పుడు చూసుంటారు."

"నా వల్లేనా?"

"బూటు కాదే" అన్నాడు.

"మరి కొయ్యమని నన్నూ నాన్ననీ ఎందుకడిగారు?"

నేను కొయ్యలేదన్నది నిజం. దాన్ని దాచను, కడిగేసుకోను. కానీ నా ఒక్క తప్పు తీసుకుని వాళ్ళ తప్పులన్నిటి మీదా దుప్పటిలా కప్పుకున్నారు చూడండి, అది మాత్రం క్షమించను.

వారం తర్వాత, ఆయన్ని ఇంటికి తెచ్చాక, కీపర్ వచ్చాడు. మంచం వైపు చూడలేక వంటింటి గుమ్మంలో నా దగ్గరే నిలబడి ఏడ్చాడు.

"మాకు చెప్పలేదు వదినా. నడుం పట్టేసిందన్నారంతే. బీట ఉందని తెలిస్తే అన్న మీద చెయ్యి కూడా వేసేవాణ్ణి కాదు."

"ఆ మాటే బయట చెప్పు తమ్ముడూ. నీ మాటయితే వింటారు."

"చెబుతాను. రేపే చెబుతాను."

మర్నాడు పేపరంతా తిరగేశాను. అతని మాట లేదు. ఆ తర్వాతా రాలేదు. అతనికీ పిల్లలున్నారు, అతనూ వచ్చే సీజన్ ఆడాలి.

స్కాన్ సెంటర్‌కి వెళ్ళాను. కౌంటర్లో అమ్మాయి కంప్యూటర్ చూసి, రిపోర్టు టీమ్‌కే ఇస్తామంది. టీమ్ ఆఫీసుకి వెళ్తే, స్కాన్ సెంటర్‌నే అడగమన్నారు. ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు ఆరు సార్లు తిరిగాను, చంకలో పాపతో. ఆరోసారి స్కాన్ తీసే ఆవిడ వరండాలో ఎదురొచ్చింది. తల వంచుకుని పక్కనుంచి వెళ్ళిపోయింది. ఆవిడ మీద కూడా కోపమొచ్చింది. తర్వాత ఆలోచిస్తే, మొదటిరోజు నిజం చెప్పిన మనిషి ఆవిడొక్కతే కదా అనిపించింది. అయినా కోపం పోలేదు.

అన్నయ్య ఇప్పుడు మ్యాచ్‌లు చూడడు. రోజూ డ్యూటీ దిగి వచ్చి, ఆయన్ని లేపి, భుజం కింద చెయ్యి వేసి వీధి చివరిదాకా నడిపిస్తాడు. నాతో మాట్లాడబోతాడు. నేను పాపకి అన్నం పెట్టే పనిలో ఉంటాను.

ఇక నేనిదంతా ఎందుకు రాస్తున్నానో చెప్పాలి. మా ఆయన స్థానంలో కొత్త బౌలర్ని తీసుకున్నారు. అతనూ బయటి నుంచి వచ్చినవాడే, ఇరవై ఏడేళ్ళు. భార్యకి ఇంకా కాగితాలు రాలేదు, ఒక్కడే ఉంటాడు. పేపర్లో అతన్ని కూడా 'మన' అని రాస్తున్నారు. ఒకసారి మా ఇంటికి వచ్చాడు. మా ఆయన మంచం మీద నుంచే బంతి ఎలా పట్టుకోవాలో చూపించాడు, చాలా రోజులకి ఆయన మొహంలో వెలుగు చూశాను. వెళ్ళబోతూ అతను అడిగాడు.

"అన్నా, ఆ ఇంజెక్షన్ ఎంతసేపు పనిచేస్తుంది?"

మా ఆయన చేతిలో బంతి పక్కన పెట్టాడు.

"ఎన్నోది?" అన్నాడు మా ఆయన.

"నాలుగోది."

మళ్ళీ రమ్మన్నాం. రాలేదు. మా ఇంటికి వెళ్ళొద్దని మేనేజర్ చెప్పాడట, మేం మనసు పాడుచేస్తామట. నేనే రెండుసార్లు వెళ్ళాను. నా గొంతు వింటే తలుపు తియ్యడు. లోపల ఉన్నాడని తెలుస్తూనే ఉంటుంది.

మీ గొంతు అతనికి తెలీదు. స్టేడియం వెనక వీధిలో లాండ్రీ పైన, రెండో అంతస్తులో ఎడమ చేతి తలుపు అతనిది. మ్యాచ్ ఉన్న రోజు మీరు అతని పేరు పెట్టి అరుస్తారు కదా. మర్నాడు పొద్దున్న ఒకసారి ఆ మెట్లెక్కండి. సంతకం కావాలనండి, ఫొటో కావాలనండి, నోటికొచ్చింది ఏదో ఒకటి అనండి. తలుపు కొట్టాక వెంటనే వెళ్ళిపోకండి. అతను లేచి వచ్చి తీసేదాకా అక్కడే నిలబడండి. ఎంతసేపు పట్టిందో చూడండి.